మేకుతో గీసిన గీత

జిలానీ చనిపోయిన పంతొమ్మిదో రోజున ఇంటి వెనక సెప్టిక్ ట్యాంకు పొంగింది.

అంతకుముందు రెండు రోజులు వాన. ప్రొద్దుటూరు నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, పట్టుకున్న నీళ్ళను వదలదు. పద్నాలుగేళ్ళ కిందట జిలానీ కువైట్ నుంచి నెల రోజుల సెలవు మీద వచ్చినప్పుడు, వెనక గుంత తవ్వి నాలుగు సిమెంటు ఒరలు దింపి, మూత పెట్టి, మళ్ళీ విమానం ఎక్కాడు. అక్కడ అతను పెద్దవాళ్ళ ఇళ్ళలో స్నానాల గదులకు టైల్స్ వేసే మేస్త్రీ. తన ఇంటి గుంతకు మాత్రం అడుగున కాంక్రీటు వేయలేదు. "అంతా వదిలి వచ్చేసినాక బాగా కడతాలే" అన్నాడు. మూడేళ్ళ కిందట అంతా వదిలి వచ్చేశాడు. ఊళ్ళో పనులకు పోతూ ఆ మాటే ఇంకో మూడేళ్ళు అన్నాడు.

చనిపోయిన రోజు కూడా పని నుంచే వచ్చాడు. వాకిట్లో బండి ఆపాడు. మెత్తటి నేలలో స్టాండు దిగబడకుండా ఒక ఇటుక పెట్టుకున్నాడు అక్కడ. దాన్ని కాలితో సరిగ్గా జరిపి, స్టాండు వేసి, మెట్టు మీద కూర్చుని నీళ్ళడిగాడు. మైమూన్ చెంబు తెచ్చేసరికి గోడకు ఒరిగి ఉన్నాడు.

ఈ సంగతి ఆమె వచ్చినవాళ్ళందరికీ చెప్పింది. ముందు బండి, తర్వాత ఇటుక, తర్వాత నీళ్ళు, అదే వరసలో. చెప్పేటప్పుడు ఏడుపు రాలేదు. వచ్చినవాళ్ళే ఏడ్చి, ముఖం కడుక్కుని, టీ తాగి పోయారు.

భర్త పోయిన ముసల్మాను ఆడమనిషి నాలుగు నెలల పది రోజులు ఇల్లు దాటకూడదు, పరాయి మగవాళ్ళ కంట పడకూడదు. దాన్ని ఇద్దత్ అంటారు. మైమూన్‌కు అది పెద్ద కష్టం కాలేదు. ఇరవై ఏళ్ళుగా ఇంట్లోనే కూర్చుని బట్టల కొట్టు చీరలకు ఫాల్ కుడుతోంది. మూట లోపలికి వస్తుంది, కుట్టిన మూట బయటికి పోతుంది. నాలుగో రోజు నుంచే మళ్ళీ సూది పట్టింది. కుట్టు చీర పైవైపుకు కనపడకూడదు. అది చూసుకుంటూ ఉంటే పొద్దు గడిచేది.

పొంగిన ట్యాంకు మాత్రం కష్టమే. కోడలు ఫాయిజాకు ఏడో నెల. ఆమె పక్కింటికి వెళ్ళి వస్తోంది. మైమూన్ పక్కింటికి కూడా వెళ్ళకూడదు. అందుకని నీళ్ళు తాగడం తగ్గించింది. మధ్యాహ్నం అన్నం మానేసింది. ఎవరికీ చెప్పలేదు. కొడుకు ఇర్ఫాన్ కువైట్‌లో డ్రైవరు. తండ్రిని మట్టి చేయడానికే రాలేకపోయినవాడికి దీని గురించి ఫోన్ చేయడం ఎందుకనుకుంది.

ఊళ్ళో ట్యాంకులు ఖాళీ చేసే నయీం తన ట్యాంకరు బండి తెచ్చి, గుంతలో గొట్టం వేసి లాగేశాడు. పోతూ పోతూ కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"ఖాలా, పొద్దున లాగితే మాపటికి నిండుతాండాది. ఒరలు పగిలినాయి, ఊట నీళ్ళు లోపలికొస్తాండాయి. నాకేం, వారానికి రెండుసార్లు రమ్మంటే వస్తా. నీకే దండగ."

తెర వెనక నుంచి మైమూన్ అడిగింది. "బాగా కట్టేటోళ్ళు ఎవరుండారు నయీం?"

నయీం పెద్దగా నవ్వాడు. "ఆ మాట నన్నడగతాండావా! జమ్మలమడుగులో బాలకృష్ణయ్య అని ఒకాయనుండాడు. ఆయన కట్టిన ఇంటికి నన్ను పిల్చరు. పదేండ్లయినా పిల్చరు. అట్లాటోళ్ళు ఇంకో నలుగురుంటే నేను ఈ బండి అమ్ముకోని బజ్జీలు ఏసుకోవాల."

మైమూన్ ఆ మాట విని ఫాయిజాతో ఫోన్ నంబరు రాయించుకుంది.

అయితే ఆయన కంటే ముందు పులివెందుల నుంచి వెంకటేష్ వచ్చాడు. మైమూన్ అన్న ఖలీల్ పంపిన కాంట్రాక్టరు. ఖలీల్‌కు పులివెందులలో చెప్పుల కొట్టు ఉంది. కొట్టు వెనక అతని ఇల్లు కట్టింది వెంకటేషే. ఇస్త్రీ చొక్కా, చేతిలో పెద్ద ఫోను. ఫోనును తెర సందులోంచి లోపలికి పంపాడు. అందులో పాట వస్తోంది, ఒరలు ఒకదాని మీద ఒకటి దిగుతున్నాయి.

"మూడంటే మూడు దినాలక్కా. ఆరు ఒరలు దింపుతా, మూత ఏస్తా, అయిపాయ. నువ్వు టీ పెట్టే లోపల సగం పని అయిపోతాది."

"అడుగు పోస్తావా అప్పా?"

"అడుగేంటికక్కా? నీళ్ళు నేల తాగుతాది. మా పక్క ముప్పై ఇండ్లు అట్లనే కట్టినా. ఒక్కరు నోరెత్తింటే అడుగు."

అతను అబద్ధం చెప్పలేదు. పులివెందుల పక్క ఎర్రమన్ను, గులకరాయి. అక్కడ నేల తాగుతుంది. మైమూన్ ఫోను తిరిగి పంపించి, రేపు చెబుతానంది.

మర్నాడు బాలకృష్ణయ్య బస్సు దిగి నడుచుకుంటూ వచ్చాడు. అరవై దాటినవాడు, భుజాన సంచి. నమస్కారం కూడా సగమే పెట్టాడు. వాకిట్లో గడ్డపారతో మోకాలి లోతు గుంత తీసి, రెండు బకెట్ల నీళ్ళు పోసి, గోడ నీడన కూర్చున్నాడు. ఫాయిజా టీ ఇస్తే తాగాడు. మైమూన్ లోపల చీర కుడుతూ తెర సందులోంచి చూసింది. ఒక చీర అంచు పూర్తయ్యేసరికి కూడా ఆయన అలాగే ఉన్నాడు, నీళ్ళూ అలాగే ఉన్నాయి.

"తాగల్యా" అన్నాడు చివరికి. "ఈ నేల తాగదుమ్మా. అడుగు లేకుండా కడితే మీ పాత గుంతే మళ్ళా. అడుగు పోసి, ఇటుకతో గోడ కట్టి, మధ్యలో అడ్డగోడ పెట్టాల. బయటికొచ్చే నీళ్ళకు వేరే ఇంకుడు గుంత. అది నల్లమన్ను దాటి నీళ్ళు తాగే గరుసు తగిలేదాక దిగాల."

"ఎంత లోతు పోవాల మేస్త్రీ?"

"తవ్వితే తెలుస్తాది."

"ఎన్ని దినాలు పడుతాది?"

"అదీ తవ్వితేనే."

"పులివెందులాయన మూడు దినాలన్న్యాడు."

"ఆయన నేల ఆయనకు తెలుసు." మళ్ళీ ఆయనే అడిగాడు. "ఇంట్లో ఎంతమందిమ్మా?"

"నలుగురం" అంది మైమూన్.

ఫాయిజా అత్త వైపు చూసింది. ఇంట్లో ఇద్దరే ఉన్నారు. ఇర్ఫాన్‌తో ముగ్గురు. కడుపులో బిడ్డను కలుపుకుని చెప్పిందనుకుని తల వంచుకుంది. మైమూన్ బిడ్డను లెక్కపెట్టలేదు. తను ఎవర్ని లెక్కపెట్టిందో ఆయన వెళ్ళిపోయాక, సూదిలో దారం ఎక్కిస్తున్నప్పుడు తెలిసింది. మళ్ళీ ఫోన్ చేసి దిద్దలేదు.

చోటు ఒక్కటే దొరికింది. వెనక బోరు ఉంది, దాని పక్కన కట్టకూడదన్నాడు. వాకిట్లో జిలానీ బండి నిలబడ్డ చోటే కట్టాలి. అది చెప్పి సమాధానం కోసం చూశాడు. జిలానీ పోయి ఇరవై ఒక్క రోజులు. ఇన్ని రోజులుగా ఆ బండిని ఎవరూ ముట్టలేదు.

"సరే" అంది మైమూన్.

కూలీలు వచ్చే రోజు తెల్లవారుజామున ఫజర్ నమాజు కాగానే తనే వాకిట్లోకి వచ్చి బండి జరిపింది. వెనక చక్రంలో గాలి పోయింది. ఇటుక మట్టిలో కూరుకుపోయి ఉంటే అటూ ఇటూ కదిపి ఊడబెరికి మెట్టు పక్కన పెట్టింది.

ఖలీల్‌కు కోపం వచ్చింది. ఫోన్‌లో గట్టిగా అన్నాడు.

"నేను పంపిన మనిషిని ఒద్దనేదేంది? నీకు మేస్త్రీ పని ఏం తెలుసు మైమూన్?"

"కుట్టు పని తెలుసు భాయ్."

"దానికీ దీనికీ ఏంది? సరే విను. నలభయ్యో దినం ఫాతెహా ఆదివారం. అరవై మంది వస్తారు. శుక్రవారానికి ఆ ట్యాంకు కాకపోతే ఆటో తీసుకోనొస్తా. ఫాతెహా మా ఇంట్లో చేద్దాం, మిగతా ఇద్దత్ నువ్వు ఈడనే కూచో. ఇబ్బంది ఉంటే ఇల్లు మారొచ్చని మౌల్వీ సాబ్ కూడా చెప్పినాడు."

మైమూన్ "చూద్దాం" అంది. ఆమెకు ఆ ఇల్లు వదలాలని లేదు. పోయినవాడి కోసం చదివే ఫాతెహా జిలానీ ఒరిగిన ఆ మెట్టు ముందే చదవాలి. అంతకు మించి ఏమీ అనుకోలేదు.

పని సాగింది. తొమ్మిదడుగుల్లో గరుసు తగిలింది. గడ్డపార చప్పుడు మారడం లోపల కూర్చున్న మైమూన్‌కు వినబడింది. గోడలు లేచాయి. కూలీలు అన్నానికి పోయినప్పుడు తలుపు తీసి చూసేది. మట్టిలో కప్పబడిపోయే బయటివైపు గోడకు కూడా బాలకృష్ణయ్య నున్నగా గచ్చు చేశాడు. ఎవరూ చూడని వైపు. ఆమె దాని మీద చెయ్యి వేసి చూసి లోపలికి వచ్చేది.

బుధవారం సాయంత్రం ట్యాంకు నిండా నీళ్ళు పట్టించాడు. నీళ్ళ అంచున మేకుతో గోడ మీద గీత గీశాడు. తెర దగ్గరికొచ్చి చెప్పాడు.

"రేపు పొద్దున నీళ్ళు గీత కాడనే ఉండాయా లేదా మీరే చూసి చెప్పాలమ్మా."

"నేనా?"

"ఇల్లు మీది. మా కూలోడు చూస్తే బాగుందనే అంటాడు. వానికి బిరీన ఇంటికి పోవాల గదా."

గురువారం పొద్దున నీళ్ళు గీతకు వేలెడు కిందికి ఉన్నాయి. చెబితే ఆయన తల ఊపాడు. "మొదటి దినం కొత్త గోడ తాగుతాది. రెండో దినం తాగకూడదు." మళ్ళీ గీత దాకా నింపించాడు.

శుక్రవారం తెల్లవారుతుండగా మైమూన్ ట్యాంకు అంచున మోకాళ్ళ మీద కూర్చుంది. మొదట సరిగ్గానే ఉన్నట్టు కనిపించింది. చెయ్యి దించి, గీత మీద గోరు పెట్టి, వేలు కిందికి జార్చింది. అర వేలు పోయాక నీళ్ళు తగిలాయి. చీర అంచున వేలితో కొలిచి కుట్టే చెయ్యి అది. పొరపాటు పడదు.

ఇంకెవరూ చూడలేదు. గీత కాడనే ఉన్నాయంటే చాలు, ఈ పూటే బండలు పరిచి మూసేస్తారు. ఎల్లుండి ఫాతెహా ఇక్కడే జరుగుతుంది. పోయేది అర వేలు నీళ్ళు. ఆమె వెనక్కి తిరిగి చూసింది. ఇంటి వెనక తొందరలో మూసినది ఒకటి అప్పటికే ఉంది.

ఎనిమిది గంటలకు తెర వెనక నుంచి చెప్పింది. "అర వేలు దిగింది మేస్త్రీ."

బాలకృష్ణయ్య "సరిగా చూసినారా" అని అడగలేదు. పంచె ఎగగట్టి, నీళ్ళు తోడించి, టార్చిలైటు పట్టుకుని లోపలికి దిగాడు. అర్ధగంట తర్వాత లోపలి నుంచి ఉలి చప్పుడు వచ్చింది. పైకి వచ్చి చెప్పాడు. "పైపు గోడలోకొచ్చే కాడ మూలన కారతాండాది. తప్పు నాదే. పగలగొట్టి మళ్ళా చేసినా. రేపు నింపుతాం. ఎల్లుండి చూడాల."

ఎల్లుండి ఆదివారం.

పది గంటలకు ఖలీల్ ఆటోలో దిగాడు. తెరిచి ఉన్న గుంతను చూశాడు, బాలకృష్ణయ్యను చూశాడు.

"ఏం పెద్దాయనా, ఈ ఇంట్లోనే సంసారం పెడతావా?"

"ఇంకో రెండు దినాలు" అన్నాడు బాలకృష్ణయ్య, చేతులు కడుక్కుంటూ.

ఖలీల్ లోపలికి వచ్చాడు. "మూసెయ్యమను మైమూన్. అంత నీళ్ళు పోతే ఏం కొంప మునిగింది?"

"మూస్తే మళ్ళా తీయలేం భాయ్. ఫాతెహా మీ ఇంట్లో చెయ్యండి."

"అయితే సామాను సర్దుకో."

"ఫాయిజాను తీసుకుపో. నేను రాను."

"జిలానీ ఫాతెహా చేస్తాంటే నువ్వు లేకుండానా? అందరూ ఏమనుకుంటారు?"

"ఇద్దత్‌లో ఉండాదని చెప్పు."

ఖలీల్ ఫాయిజా పెట్టె తనే ఎత్తి ఆటోలో పెట్టాడు. ఫాయిజా గడప దగ్గర "అమ్మీ, తిను" అంది. మైమూన్ తల ఊపింది.

రెండు రోజులు ఆమె ఒక్కతే ఉంది. పదకొండు చీరలు కుట్టింది. శనివారం రెండుసార్లు మాత్రమే నీళ్ళు తాగింది.

ఆదివారం పొద్దున నీళ్ళు గీత మీద ఉన్నాయి. గోరు పెట్టి చూసింది. ఆ చివర నుంచి ఈ చివర దాకా మోకాళ్ళ మీద జరుగుతూ చూసింది. ఎక్కడా దిగలేదు.

"గీత కాడనే ఉండాయి మేస్త్రీ."

"అయితే మూసేస్తాం" అన్నాడు ఆయన.

ఎర్రగుంట్ల పక్క నుంచి వచ్చిన నల్ల బండలు పరిచారు. సందులు సిమెంటుతో పూడ్చారు, లోపలి గాలి పోవడానికి గొట్టం నిలబెట్టారు, ఇంటి పైపు మార్చారు. మధ్యాహ్నం ఖలీల్ ఫోన్ చేసి ఫాతెహా చదువుతుండగా వినిపించాడు. ఆమె ఫోను బియ్యం డబ్బా మీద పెట్టి, తల మీద కొంగు కప్పుకుని, అయిపోయేదాకా చేతులు చాచి కూర్చుంది. బయట తాపీ చప్పుడు ఆగలేదు. ఫోను పెట్టేశాక రెండు చెంబుల నీళ్ళు వరసగా తాగింది.

సాయంత్రం బాలకృష్ణయ్య సంచి భుజాన వేసుకున్నాడు. "ఆరుమందికి సరిపోయేట్టు కట్టినామ్మా. మీరు నలుగురన్న్యారు గానీ వచ్చేటోళ్ళు పోయేటోళ్ళు ఉంటారు గదా. వారం దినాలు బండల మీద బరువు పెట్టొద్దు." బస్సుకు వెళ్ళిపోయాడు.

వారం తర్వాత మైమూన్ బండిని తోసుకొచ్చి దాని పాత చోట నిలబెట్టింది. మెట్టు పక్క ఇటుక తీసుకుని స్టాండు కింద పెట్టబోయింది. కింద బండ ఉంది. స్టాండు ఎక్కడికీ దిగబడదు.

ఇటుకను ఇంటి వెనక్కు తీసుకుపోయి, పనిలో మిగిలిన ఇటుకల వరస మీద పెట్టింది. అవి కొత్తవి, ఎర్రగా ఉన్నాయి. ఇది నల్లబడింది, నడిమధ్యన స్టాండు పడ్డ గుంట ఉంది.

లోపలికి వచ్చి చీరల మూట విప్పింది.