లోపల మందుండాది గదా

మా మేనత్త పోయిందని నాయన ఫోన్ చేసినప్పుడు నేను ఆత్మకూరు బస్టాండులో టీ తాగుతున్నాను. "అత్త పోయిందమ్మా. నువ్వు తెచ్చిన మందు పెట్టె అట్నే ఉండాది, విప్పలా," అన్నాడు. ఆ రెండో మాట ఎందుకన్నాడో ఆయనకూ తెలియదనుకుంటాను. నాకు మాత్రం ముందు అదే వినిపించింది.

మర్రిపాడు దగ్గర మా ఊళ్లో ఆమెకు గొర్రెల మంద ఉండేది. ఉబ్బసమూ ఉండేది. పెళ్లయిన ఏడాదికే పుట్టింటికి వచ్చేసిందట. ఎందుకొచ్చావని అడిగితే "ఆడ గాలాడలా" అనేది. జబ్బు గురించి అన్నదో, మనుషుల గురించి అన్నదో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు.

డాక్టరు ఇన్‌హేలర్ రాసిచ్చి, మందు పీల్చాక పది లెక్కపెట్టేదాకా ఊపిరి బిగబట్టమన్నాడు. అత్తకు అంకెల మీద నమ్మకం లేదు. పొద్దున్నే దొడ్డి తడిక తీసి, మందు పీల్చి, పది గొర్రెలు బయటికి వచ్చేదాకా నోరు మూసుకుని నిలబడేది. ఒక్కోసారి తొమ్మిదోది తడిక దగ్గర ఆగి వెనక్కి చూసేది. అత్త ముఖం కమిలిపోతున్నా ఊపిరి వదిలేది కాదు. దాన్ని తోసెయ్యొచ్చు కదా అని అడిగితే, కాస్త తేరుకున్నాక, "దాని తీరిక దానిది. తోస్తే బెదురుతాది," అనేది. నన్నూ ఆమె ఎప్పుడూ తోయలేదు. డిగ్రీ అయ్యాక ఏ ఉద్యోగంలోనూ నిలవకుండా తిరుగుతుంటే ఇంట్లో అందరూ ఇక ఏం చేస్తావని అడిగారు. ఆమె ఒక్కతే అడగలేదు.

పోయిన నెల ఒక పొట్టేలు ఆ ఇన్‌హేలర్‌ను తొక్కింది. నీలం ప్లాస్టిక్ తొడుగు రెండు ముక్కలైంది. లోపలి రేకు బుడ్డికి ఏమీ కాలేదు. అత్త దాన్ని చెవి దగ్గర ఆడించి చూసి, "లోపల మందుండాది గదే కోడలా. పైది పగిలితే ఏంది?" అంది. గొర్రెల నోట్లో మందు పోసే వెదురు గొట్టం తెచ్చి, ఒక చివర బుడ్డి బిగించి గుడ్డ చుట్టింది. రెండో చివర నోట్లో పెట్టుకుని నొక్కింది. తుస్సుమంది. "సల్లంగా తగిలిందే," అని నవ్వింది. తగిలింది నాలుక్కే. మిగతాదంతా వెదురు తాగింది.

ఆత్మకూరులో మందుల షాపుకెళ్లి తొడుగు ఒక్కటే ఇమ్మన్నాను. విడిగా అమ్మరన్నాడు. అదే కంపెనీది కొత్తది తెచ్చిచ్చాను. అత్త ఆ పెట్టెను కళ్లకద్దుకుని గూట్లో పెట్టేసింది. పాత మూటలో గింజ ఉండగా కొత్త బియ్యం మూట కుట్టు విప్పని ఇళ్లు మీకూ తెలిసే ఉంటాయి. మాది ఆ ఇల్లే. మందుకూ అదే పద్ధతి. పాతది అయిపోనీ అంది. నేను బతిమాలాను, అరిచాను. చివరికి, "సరే, నీ గొట్టమే ఊదుకో," అని బస్సెక్కాను. ఆమెతో నా ఆఖరి మాట అదే. సరిగ్గా వారానికి నాయన ఫోన్ వచ్చింది.

మట్టి చేసిన మర్నాడు పొద్దున ఆ పెట్టె విప్పాను. ఎందుకో కొత్త బుడ్డి లాగేసి, ఆ తొడుగులో పాత బుడ్డి పెట్టి చూశాను. అతికినట్టు కూర్చుంది. ఇంతే. ఇలా పెట్టిచ్చి ఉంటే ఆమె పద్ధతీ నిలిచేది, ఊపిరీ నిలిచేది. చదువుకున్నదాన్ని, నాకు తట్టలేదు. ఇప్పుడు తట్టి ఎవరికి?

నాయన దొడ్డి తడిక తీశాడు. నేను బుడ్డి నొక్కాను. నిండుగా వచ్చింది మందు, గాలిలోకి. ఆ తెల్లటి తుంపర తడిక మీద ఒక్క క్షణం నిలిచింది. దాని కిందుగా గొర్రెలు ఒక్కొక్కటే బయటికి వస్తున్నాయి. తెలియకుండానే ఊపిరి బిగబట్టాను.

తొమ్మిదోది ఆగి వెనక్కి చూసింది.