ఎగుమతి టీచరమ్మ

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఉన్న జనాభా అంతటినీ లక్ష్మీనరసమ్మ టీచరు రెండే రెండు జాతులుగా విడగొట్టేసింది: ఎగుమతి, దిగుమతి. డ్యూటీకి పోయి జీతం తెచ్చేవాడు ఎగుమతి. ఉయ్యాల్లో పాల కోసం గుక్కపట్టి ఏడ్చే పసివాడు దిగుమతి. పెళ్ళికొచ్చి పదహార్రోజుల పండగ దాకా కదలని చుట్టం శుద్ధ దిగుమతి. ఎవరు ఎదురుపడినా సరే, పైనుంచి కిందికోసారి చూసి, మొహం మీదే తేల్చి చెప్పేసేది.

తప్పు ఆవిడది కాదు లెండి. చెప్పేది రైల్వే స్కూల్లో వృక్షశాస్త్రం. పుట్టింది గూడ్స్ షెడ్డు గుమాస్తా ఇంట్లో. ఆ రెండూ బుర్రలో కలిసిపోయి, చెట్టు కనిపిస్తే చాలు, ఆవిడకి గూడ్స్ యార్డే కనిపించేది.

గుమ్మం ముందున్న కరివేపాకు చెట్టు మీద మాత్రం ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. పక్క క్వార్టర్ సింహాచలం లోకోషెడ్డులో ఫిట్టరు. రోజూ పొద్దున్నే పొయ్యి మీద పోపు పడేసి పరిగెత్తుకొచ్చేవాడు.

"రెండు రెబ్బలు, టీచరమ్మా!"

"చెయ్యి తియ్యి! లోడింగవుతోంది."

"పోనీ రాత్రి రమ్మంటారేటి?"

"రాత్రి గూడ్స్ షెడ్డుకి సెలవేటి? పగలు దాచిన పిండిని చక్కెర చేసి రాత్రంతా పంపుతాది ఆకు. తను వండింది తనే తినేస్తే వేరుకెవరు పెడతారు, కాయకెవరు పెడతారు? చక్కెర పారే గొట్టాల పక్కనే చిన్న చిన్న కణాలుంటాయి, హమాలీల్లాగ. గొట్టంలో ఎంత చక్కెరున్నా ఇంకా ఇంకా కూరతాయి. తేలికేటి? ఒళ్ళొంచి పని చెయ్యాల! తీపి ఎక్కువయ్యేసరికి నీళ్ళు వాటంతటవే జొరబడతాయి, ఒత్తిడి పెరుగుతాది, సరుకు కదుల్తాది. ఇంజనక్కర్లేదు!"

"ఇంజన్నేకండా బండా! అయితే మా షెడ్డు మూసీమంటారేటి?"

ఈలోగా పోపు మాడిన వాసన వచ్చేది. సింహాచలం లబోదిబోమంటూ లోపలికి పరిగెత్తేవాడు. సాయంత్రానికి మాత్రం సదర్ బజార్ కరివేపాకు కట్ట ఒకటి అతని గుమ్మానికి వేలాడేది. కట్టిందెవరో కాలనీ అంతటికీ తెలుసు. ఆ మాటెత్తితే మాత్రం టీచరమ్మ ఒప్పుకునేది కాదు.

ఈ తమాషా అంతా ఎదురింటి వరండాలోంచి చూసి స్వాతి పొట్ట చేత్తో పట్టుకుని నవ్వేది. నవ్వేదే గానీ, ఆ పిల్లకి లోపల భయం. బిల్హాలోని కన్నవారింటి నుంచి రైల్వే పరీక్షకి చదువుకుందామని అక్క సౌభాగ్య దగ్గరికొచ్చి రెండేళ్ళయింది. పరీక్ష రెండుసార్లూ పోయింది. బావ రమణబాబు గూడ్స్ గార్డు, దేవుడిలాంటి మనిషి. పల్లెత్తు మాటనలేదు. అననందుకే స్వాతికి కంచం ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు. టీచరమ్మ ఎప్పుడో ఒకనాడు నలుగురిలో తనని 'దిగుమతి' అనేస్తుందని, ఆ మాట పడ్డాక ఇక ఇక్కడ తలెత్తుకోలేనని కుమిలిపోయేది.

చిత్రమేమిటంటే, అందర్నీ ఠకీమని తేల్చే టీచరమ్మ స్వాతి దగ్గర మాత్రం తేల్చలేదు. "మరి స్వాతో?" అని సింహాచలం గుచ్చి గుచ్చి అడిగితే, "అచ్ఛా, దాని సంగతి ఇంకా చూడాల," అనేది.

ఆ ఆదివారం పొద్దున్న స్వాతి బట్టలన్నీ ఓ గుడ్డ సంచీలో కుక్కుకుని గుమ్మం దాటింది. వెనకాల సౌభాగ్య ఏడుపు. టీచరమ్మ చెట్టుకి నీళ్ళు పోస్తోంది.

"ఏటే, సంచీతో?"

"బిల్హా ఎల్లిపోతన్నాను, టీచరమ్మా."

"ఏటొచ్చింది నీకు?"

స్వాతికి ఉక్రోషం ఆగలేదు. "మీరు అన్రు గానీ నాకు తెల్దేటి? రెండేళ్ళుగా తినడం తప్ప ఏటి చేసేను? నేను దిగుమతే! అనీండి, అందరి ముందూ అనీండి!"

సింహాచలం గరిటె పట్టుకునే బయటికొచ్చాడు. టీచరమ్మ చెంబు కింద పెట్టి, చెయ్యి చాపి, చెట్టు చివరున్న లేత రెబ్బొకటి టప్పున తెంపింది. సింహాచలం చేతిలో గరిటె జారిపోయింది.

"ఇది పుట్టగానే చక్కెర పంపిందనుకున్నావేటి? లేతాకు దిగుమతే. పెద్దాకులు పెడితే తింటాది. సిగ్గుపడదు, సంచీ సద్దుకోదు. ఎదుగుతుంటే ముందు కొస ఎగుమతికి తిరుగుతాది. కొస పంపుతుంటాది, మొదలు ఇంకా తింటుంటాది. రెండూ ఒక్క ఆకులోనే, ఒక్కసారే! అలాంటిదానికి ఏం పేరెట్టమంటావు? అందుకే చూడాలన్నాను."

"నేనేటి పంపేను?"

"భవితా! ఇలా రా అమ్మా. పిన్ని సంచీ మీద ఏం రాసుందో చదువు."

నిన్నమొన్నటిదాకా హిందీ తప్ప మరో అక్షరం రాని సౌభాగ్య కూతురు వచ్చి, సంచీ మీద వేలు పెట్టింది. "శ్రీ పైడితల్లి వస్త్రాలయం, బొబ్బిలి. మళ్... మళ్ళీ మళ్ళీ ద-య-చే-యం-డి." తలెత్తి కళ్ళు పెద్దవి చేసింది. "పిన్నీ, దేఖో నా! నువ్వు మళ్ళీ రావాలని బ్యాగే చెప్తోంది!"

"సాయంత్రమయితే నీ వరండాలో ఆ తెలుగక్షరాలు ఎవరు దిద్దిస్తన్నారే? నేనా? దీనితోపాటు వీధిలో పిల్లలంతా అక్కడే కదా. నీ కొస ఎప్పుడో తిరిగిపోయింది. మొదలు కూడా తిరుగుతాది. అందాకా మీ అక్క పెట్టింది కడుపునిండా తిను."

స్వాతి ఏడవబోయి నవ్వేసింది. సౌభాగ్య సంచీ లాక్కుని లోపలికి పోయింది. ఇదే సమయమని సింహాచలం మెల్లగా దగ్గరికొచ్చాడు.

"ఎలాగూ తెంపేసేరు గదా టీచరమ్మా, ఆ రెబ్బేదో నా ఉప్మాలోకి..."

"చెయ్యి తియ్యి! లోడింగవుతోంది!"

"తెంపిన ఆకుకి లోడింగేటండీ బాబూ!"

టీచరమ్మ వినిపించుకోలేదు. రెబ్బ స్వాతి చేతిలో పెట్టేసింది. అప్పటికే సింహాచలం ఇంట్లోంచి మాడు వాసన వీధంతా కమ్మేసింది. చేసేది లేక పాపం అందరితోపాటు సౌభాగ్య ఇంట్లోనే టిఫినుకి కూర్చున్నాడు. స్వాతి అతని కంచంలో మూడో అట్టు వేస్తుంటే టీచరమ్మ పైనుంచి కిందికోసారి చూసింది.

"సింహాచలం, ఈవేళ నువ్వు దిగుమతి. సిగ్గుపడకండా తిను."