సూది కింద చీటీలు

దెయ్యాల మాట నేనెప్పుడూ నమ్మలేదు. రాజమండ్రిలో ఒక కాలేజీ జువాలజీ ల్యాబు ఇరవై ఏళ్లుగా ఊడుస్తున్నాను. అక్కడ వేలాడే ఎముకల గూడును రోజూ పొడిగుడ్డతో తుడిచినా ఒక్కనాడూ ఒళ్లు జలదరించలేదు.

ఆ ల్యాబులో గాజు మూతల పెట్టెల నిండా దీపం పురుగులున్నాయి. మా పెద్ద మాస్టారు ఏళ్ల తరబడి గోదావరి గట్ల వెంట తిరిగి పట్టి, ఒక్కోదాన్ని ఒక్కో గుండుసూదికి గుచ్చారు. పురుగు కింద, అదే సూదికి, చిన్న చీటీ. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు.

ఒకసారి తనిఖీవాళ్లు వస్తున్నారని పెట్టెలు శుభ్రం చేయమన్నారు. చీటీలు బూజు పట్టాయి. మా ఇంట్లో చెద ముందు కాగితానికే పట్టేది. ఇక్కడా కాగితం ఉంటే పురుగులకూ చెద పడుతుందనుకుని, ఒక్క రెక్క విరగకుండా చీటీలన్నీ పట్టకారుతో లాగేసి చెత్తలో పోశాను. పని బాగా చేశానని గర్వం కూడా.

మాస్టారు పెట్టె తెరిచి ఒక్కో సూది కిందా వెతికారు.

"చీటీలేమయ్యాయి మరియమ్మా?"

ఆ ముఖం చూసి భయం వేసింది. "తెలీదండి. చెద తినేసిందేమోనండి" అన్నాను.

"చెద పట్టకుండా పెట్టెల్లో మందు ఉండలు వేయకపోవడం నాదే తప్పు" అన్నారాయన. రిటైరయ్యారు. తరవాత పోయారు. నేను నోరు విప్పలేదు.

యాభై దాటాక మా చర్చిలో సాయంత్రం బడి పెడితే తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. కిందటేడు కొత్త మేడం వచ్చి ఆ పురుగుల పేర్లు తేల్చడం మొదలుపెట్టారు.

"పేరంటే రెక్క చూసి చెప్పొచ్చు మరియమ్మగారూ. ఏ ఊళ్లో దొరికిందో రెక్క చెప్పదు కదండీ. అది పోతే సగం పోయినట్టే" అన్నారు.

కొత్త చీటీల మీద అంకెలు రాసే పని నాకిచ్చారు. ఒక ఉదయం నేను రాసినవి చూసి, "ఈ ఊళ్లు ఎవరు చెప్పారండి?" అని అడిగారు.

పదకొండు చీటీల మీద అంకెల కింద నా వంకర అక్షరాలే ఉన్నాయి. పట్టిసీమ, పడవ లాంతరు. కడియం, పూలతోట. అలా.

"మీరే చెప్పారనుకున్నానండి."

"నేను అంకెలే చెప్పాను. నన్ను ఆట పట్టిస్తున్నారా ఏంటి?"

మాస్టారి భార్య దగ్గర ఆయన నోటుబుక్కు ఒక్కటే మిగిలింది. కబురు పెడితే ఆవిడే ల్యాబుకు తెచ్చారు. నా పదకొండులో నాలుగు పురుగులు బొమ్మలతో సహా అందులో ఉన్నాయి. నాలుగింటి ఊళ్లూ సరిపోయాయి.

పాత చీటీలు రోజూ చూసి నా కళ్లు గుర్తుపెట్టుకున్నాయేమో అన్నారు మేడం. కానీ నోటుబుక్కులాగే చీటీలు కూడా మాస్టారు ఇంగ్లీషులో రాశారట. నాకు ఇంగ్లీషు ఇప్పటికీ రాదు.

మాస్టారి భార్య ముందు ఇక దాచలేకపోయాను. "చెద కాదండీ అమ్మగారూ, నేనే తీసి పారేశాను" అన్నాను.

ఆవిడ నోటుబుక్కు మూశారు. "ఆయన చివరి రోజుల్లో కూడా ఆ ఉండలు వేయలేదనే బాధపడ్డారు మరియమ్మా" అని మాత్రం అన్నారు.

ఆ రోజు నుంచి నా చేతికి అంకెలే వస్తున్నాయి, ఊళ్లు రావడం లేదు. ఇంకా తొమ్మిది పెట్టెలు మిగిలాయి. ఆ ఊళ్లు నాచేత ఎవరు రాయించారో నాకు తెలీదు. మాస్టారే అయితే, ఆయనకు కావాల్సింది నా ఒప్పుకోలో, లేక ఊళ్ల పేర్లో కూడా తెలీదు. ఊళ్లే అయితే, నోరు విప్పి రెండోసారి కూడా ఆయనకు నేనే అన్యాయం చేశాను.