మూడు సీసాల ఆవకాయ

జాడీ మూత తీయగానే ఆవపిండి ఘాటు తగిలితే అందరికీ నోరూరుతుందేమో, నాకు మాత్రం ఈనాటికీ ఒళ్ళు మండుతుంది.

రెండువేల మూడో, నాలుగో. ఉత్తరాదిన, జనక్‌పురిలో మా రెండు గదుల ఇంట్లో ఎండాకాలమంతా కూలర్ గడ్డి తడివాసన, వానలు పడగానే గోడల చెమ్మ, ఆ రెంటికీ మధ్య ఊరినుంచి రైల్లో వచ్చిన కారంతో, సబ్జీమండీలో కొన్న మామిడికాయలతో అమ్మా, మాతోనే ఉండే మేనత్తా కలిసి పట్టిన ఏడాది ఆవకాయ. ఆ ఏడు శ్రావణం రాకముందే రెండు జాడీల్లో ఒకదానిలో బూజు తేలింది. "నీ చెయ్యి తగిలే పాడైందే! ఆ మూడు రోజులూ దూరంగా ఉండమంటే వినవు గదా!" అంది అత్తయ్య. అంతటితో ఊరుకుందా? ఆదివారం వచ్చిన తెలుగు ఆంటీలందరికీ చెప్పింది. పదమూడేళ్ళదాన్ని, సిగ్గుతో చచ్చిపోయాను. ఒక్క ముక్క కోసం జాడీ ముట్టుకున్న మాట నిజమే. కానీ దానికే బూజు పడుతుందా? ఈమె నోరు మూయించి తీరాలనుకున్నాను.

కింది ఇంటి నర్సు ఆంటీ దగ్గరికెళ్ళి ఏడిస్తే, "ఏడిస్తే ఏమొస్తుందమ్మా? పరీక్ష పెట్టి చూపించు. ఒక్కో సీసాలో ఒక్కటే మార్చు, మిగతావన్నీ ఒకేలా ఉంచు," అంది.

బాగున్న రెండో జాడీలోంచి మూడు కాఫీ సీసాలు నింపాం. ఒకటి ఆ మూడు రోజుల్లో నర్సు ఆంటీ చూస్తుండగా పొడి చేత్తో నేను కలిపేది. ఇంకోటి, అవే రోజుల్లో, కుళాయి కింద కడిగిన గరిటెను తుడవకుండా ముంచే తన అలవాటు ప్రకారం అత్తయ్య కలిపేది. మూడోదాన్ని ఎవరూ తాకకూడదు. రేపు నేను మోసం చేశానని అనకుండా మూడింటినీ అత్తయ్య ట్రంకుపెట్టెలోనే పెట్టి, తాళంచెవి ఆమె కొంగుకే కట్టించాను. "ముప్ఫై ఏళ్ళుగా ఆవకాయ పడుతున్న చెయ్యే నాది, కానియ్," అని మహా ధీమాగా ఒప్పుకుంది.

నెల తిరిగాక, అదే ఆంటీల ముందు, పెట్టె తెరిపించాను. నా సీసా ఎర్రగా నిగనిగలాడుతోంది, ఎవరూ తాకనిదీ అంతే. అత్తయ్య సీసాలో తెల్లటి బూజు! "దేఖో అత్తయ్యా, దేఖో!" అని గెంతాను. ఆమె మొహం చూసి జాలిపడ్డానని రాస్తే పచ్చి అబద్ధం. "సీసాలో దోషం," అని గొణిగి లేచిపోయింది. ఆ రోజునుంచి గరిటెను కొంగుతో తుడిచేది గానీ, 'తప్పు నీది కాదే' అన్న మాట మాత్రం ఆమె నోట రాలేదు. పై నెల ఆ మూడు రోజులూ నన్ను మళ్ళీ బాల్కనీలోనే కూర్చోబెట్టారు.

ఆ ఇల్లు కూల్చేశారు, నర్సు ఆంటీ ఎక్కడుందో తెలియదు, అత్తయ్య మా గోడమీద ఫొటో అయింది. ఏటా ఆ మూడు రోజులే ఏరికోరి, ఆ ఫొటో ఎదురుగానే కూర్చుని, మోచేతిదాకా ముంచి ఆవకాయ కలుపుతాను. ఇంతవరకు ఒక్క ఏడూ బూజు పట్టలేదు.