రెండిళ్ళ తివాచీ

మాది ఏలూరు. ఒకప్పుడు తివాచీలకి పేరున్న ఊరు. పారశీక దేశం నుంచి వచ్చి స్థిరపడ్డ నేతగాళ్ళు ఆ పని మావాళ్ళకి నేర్పారని ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పుకునేవారు. మా మేనత్త ఇంట్లో నిలువు మగ్గం ఉండేది. బడి నుంచి వచ్చాక నేను ఆవిడ పక్కన బల్లమీద కూర్చుని ఊలు ముడులు వేసేదాన్ని. పెళ్ళయ్యాక ఆ పని మానేశాను. కొన్నాళ్ళకి మగ్గమే పోయింది. దుబాయ్ వచ్చి మళ్ళీ ఊలు పట్టుకుంటానని నేను అనుకోలేదు.

మా ఆయన ఇక్కడ ఒక లాండ్రీలో వ్యాను డ్రైవరు. ఇళ్ళ నుంచి కర్టెన్లు, తివాచీలు పట్టుకెళ్ళి, ఉతికాక తిరిగి ఇచ్చి రావడం ఆయన పని. ఇంటర్నేషనల్ సిటీ అనే పేటలో ఇంకో కుటుంబంతో కలిసి ఒక ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. కరోనా కాస్త నెమ్మదించిన రోజుల్లో ఆయన చిరిగిన తివాచీ ఒకటి దేరా బజార్లో ఒక ఇరానీ షాపుకి తీసుకెళ్ళారు. బాగుచేసే మనిషి లేడని, ఉన్నవాడు కరోనాలో వాళ్ళ దేశం వెళ్ళి మళ్ళీ రాలేదని ఆ షాపు పెద్దాయన చెప్పారట. మా ఆయన ఊరుకోకుండా, మా ఆవిడది తివాచీల ఊరు అనేశారు. అయితే రేపే తీసుకురా అన్నారట ఆయన.

పెద్దాయనకి డెబ్భై దాటాయి. కెర్మాన్ వైపు పల్లెటూరు. బజారంతా ఆయన్ని హాజీ అనే పిలుస్తారు, నేనూ హాజీ సాబ్ అనేదాన్ని. మొదటి రోజు ఎలక కొట్టిన ఒక తివాచీ మూల నా ముందు పెట్టి, ఏమీ చెప్పకుండా వెళ్ళి గల్లా దగ్గర కూర్చున్నారు. నా చేతులు కాసేపు తడబడ్డాయి. తర్వాత పడుగు పోగుల మధ్యకి వేలు తనంతట తనే వెళ్ళింది. సాయంత్రానికి జానెడు వరస పూర్తిచేశాను. ఆయన వచ్చి వెనక్కి తిప్పి చూసి, ముడి సరైనదే కానీ మరీ బిగించి కొట్టానని చెప్పి, మొత్తం విప్పించేశారు. మర్నాడు మళ్ళీ వేశాను. ఆ నెలలోనే నాకు పని వీసా కాగితాలు చేయించారు.

ఆయనతో పని కంటే మాటలు ఎక్కువ. మా ఇద్దరికీ నడుమ హిందీ, అందులో ఆయన ఫార్సీ, నా తెలుగు. తివాచీ అంటే తోట అనేవారు. చుట్టూ ఉన్న అంచు తోట గోడ, నడుమ గుండ్రటి పతకం నీళ్ళ మడుగు, నిటారుగా ఉన్నది సర్వి చెట్టు, దానిమ్మపండు పిల్లాపాపలకి గుర్తు. ఎండిన నేల మీద బతికేవాళ్ళు నీళ్ళనీ నీడనీ ఊలుతో నేసుకుని ఇంట్లో పరుచుకున్నారని ఆయన మాట. తల వంచిన ఆకులాంటి పువ్వొకటి ఉంటుంది. అది గాలికి వంగిన సర్వి చెట్టని ఆయనంటే, మా చీరల మీది మామిడి పిందే అని నేననేదాన్ని. దాన్ని ఏమంటారని అడిగితే బోతే అన్నారు. మేము బుటా అంటామని చెబితే చాలాసేపు నవ్వి, ఆ రోజు చాయ్‌తో పాటు ఖర్జూరాలు కూడా తెప్పించారు.

బేరాలు మాత్రం ఉండేవి కావు. తివాచీలు మడతలు మడతలుగా కప్పుదాకా ఉండేవి. ఇరాన్ సరుకు మీద ఆంక్షలతో అమెరికా దారి ఎప్పుడో మూసుకుపోయింది, టూరిస్టులు కరోనాతో ఆగిపోయారు. పెద్ద మాల్‌లలో అదే నమూనా మిషన్ మీద నేసినది, నెలజీతంలో కొంత పెడితే దొరుకుతోంది. ఒకసారి ఎవరో కొనడానికి వచ్చి, ధర విని, ఇంతా అని వెళ్ళిపోయారు. హాజీ సాబ్‌కి కోపం రాలేదు. ఒక ఆడమనిషి రెండేళ్ళు కూర్చుని నేసిన తివాచీ అది, ఊలువాడు, రంగువాడు, దళారీ, ఓడవాడు, చివరికి తనూ అందులో తలో కాస్తా తిన్నాక, నేసిన చేతికి మిగిలింది అందరికంటే తక్కువ అని చెప్పారు. మా మేనత్త సంగతీ అంతేనని అన్నాను.

ఆ తర్వాతి ఏడాది చలికాలంలో మా ఆయన ఒక సాయంత్రం నవ్వుకుంటూ ఇంటికొచ్చారు. షార్జాలో ఒక పెద్దావిడ ఇంట్లో పెద్ద తివాచీ ఒకటి ఉతకడానికి తీసుకున్నారట. ఉతికాక, తన ఇంటికి వద్దు, దుబాయ్‌లోనే మిర్దిఫ్‌లో ఉన్న చెల్లెలింట్లో దింపమందట ఆవిడ. దింపి వచ్చిన వారానికి చెల్లెలు ఫోన్ చేసి, ఇది మా అక్కకి ఇచ్చేయ్ అందట. తీసుకెళ్తే అక్క గుమ్మంలోనే ఆపేసింది. అది దానిది, దానికే వెయ్యి అని వెనక్కి పంపింది. అలా మూడోసారి వ్యానులో వేసుకుని తిరుగుతున్నారట.

"నాదంటే నాదని కొట్టుకునేవాళ్ళని చాలామందిని చూశాను," అన్నారు మా ఆయన. "నీదంటే నీదని కొట్టుకునేవాళ్ళని వీళ్ళనే చూశాను."

చివరికి ఆయనే ఇద్దరికీ నచ్చజెప్పి, హాజీ సాబ్ ఏమంటారో విందాం రమ్మని షాపుకి పిలిచారు.

వాళ్ళు దుబాయ్‌లోనే పుట్టి పెరిగినవాళ్ళు, తాతల నాటి నుంచి ఇరాన్ మూలాలున్న కుటుంబం. అక్కకి అరవై అయిదు ఉంటాయి, కొడుకు దగ్గర ఫ్లాట్‌లో ఉంటోంది. చెల్లెలు బడిలో పాఠాలు చెప్పి రిటైరయింది, పెళ్ళి చేసుకోలేదు, కింది అంతస్తులో రెండు గదుల ఇల్లు. తండ్రి పోయాక ఆయన కట్టించిన పెద్ద ఇల్లు అన్నదమ్ములు అమ్మేశారు. ఇంట్లో సామానులో ఆడపిల్లలు అడిగింది తండ్రి మజ్లిస్‌లో, అంటే అతిథుల గదిలో పరిచిన ఆ తివాచీ ఒక్కటే.

నలుగురు మనుషులు మోసుకొచ్చి విప్పితే మా షాపు నేల చాలలేదు, ఒక చివర పక్కనున్న దొంతర మీదకి ఎక్కించాం. కెంపు రంగు నేల, నడుమ నీలం మడుగు, చుట్టూ సర్వి చెట్లు, వాటి మీద జంటలుగా పిట్టలు. హాజీ సాబ్ మోకాళ్ళ మీద కూర్చుని మూల తిప్పి వెనక భాగం చూశారు. చెయ్యి అలాగే ఉంచేశారు.

మా వైపుదే, అన్నారు. తన తల్లి పనిచేసిన చోట ఒకావిడ నమూనా చూస్తూ ఏ రంగు తర్వాత ఏ రంగో పాటలా చెబుతుంటే, మిగతా ఆడవాళ్ళు వింటూ ముడులు వేసేవారట. ఆ ఎరుపు ఒక చిన్న పురుగు నుంచి తీసే రంగట. ఇదంతా ఆయన మా అందరికీ చెబుతున్నట్టు లేదు.

అక్కచెల్లెళ్ళు మళ్ళీ మొదలుపెట్టారు. ఒంటరిగా ఉండేది అది, నాన్న తివాచీ ఇంట్లో ఉంటే తోడుంటుందని అక్క. మనవలున్న ఇంట్లో ఉంటేనే దానికి అందమని చెల్లెలు. అసలు సంగతి ఏమిటంటే ఇద్దరి గదుల్లోనూ అది పట్టదు. ఒకళ్ళింట్లో ఒక చివర చుట్టి సోఫా కిందకి తోశారు, ఇంకొకళ్ళింట్లో గోడ మీదకి పాకించారు. అమ్మితే ఎంత వస్తుందని చెల్లెలు అడిగింది. హాజీ సాబ్ దాచకుండా చెప్పారు. అంత తక్కువా అని ఆవిడ నమ్మలేనట్టు చూసింది. ఇంత పెద్ద గదులు ఇప్పుడు ఎవరికీ లేవు, పెద్దవాటి కంటే చిన్నవే త్వరగా పోతాయని ఆయన వివరించారు.

"అయితే కోసేయండి హాజీ. చెరి సగం," అంది అక్క.

"కోత కావాలంటే మాంసం కొట్టుకి వెళ్ళండమ్మా," అన్నారాయన.

ఆవిడకి కోపం రాలేదు. ఆయన మాత్రం చాలాసేపు వాదించారు. ఏడాది ఒకరి దగ్గర, ఏడాది ఒకరి దగ్గర ఉంచుకోమన్నారు. సరిగ్గా మధ్యలో కోస్తే మడుగు రెండు ముక్కలవుతుందని, ఒక వైపు గోడ లేని తోట మిగులుతుందని చెప్పారు. అప్పుడు అక్క లేచి వెళ్ళి ఆ నీలం మడుగు మీద నిలబడింది.

"మా నాన్న మధ్యాహ్నం షాపు మూసి వచ్చి ఇక్కడ పడుకునేవాడు," అంది. "కుడి చెయ్యి మీద నేను, ఎడమ చెయ్యి మీద ఇది. మేము దీన్ని అప్పుడే పంచుకున్నాం హాజీ. మీరు ఇప్పుడు గీత గీస్తే చాలు."

చెల్లెలు వెంటనే అక్క పక్కకి వెళ్ళి నిలబడింది, ఎడమ వైపున. హాజీ సాబ్ వారం గడువు అడిగారు. ఆ వారమంతా తివాచీ షాపులోనే ఉంది. ఆయన మధ్యాహ్నాలు దాని పక్కన కూర్చుని చాయ్ తాగేవారు.

అన్న రోజుకి ఇద్దరూ వచ్చారు. మా ఆయన కూడా సాయానికి ఉన్నారు. తివాచీని బోర్లా పరిచాం. వెనక నుంచి కోస్తే పైన ఉన్న ఊలు పాడవదు. రెండు వరసల ముడుల మధ్య పేక పోగు వెంబడే కత్తి నడవాలి, ఒక్క పోగు తప్పినా గీత వంకర పోతుంది. హాజీ సాబ్ స్వయంగా దారం పట్టి, సుద్దతో గీత గీశారు. కత్తికి కొత్త బ్లేడు వేశారు. వేసి, దాన్ని నా చేతిలో పెట్టారు.

"నా వల్ల కాదు బేటీ. నువ్వు చెయ్యి," అని చెప్పి బయటికి వెళ్ళిపోయారు. అద్దంలోంచి కనబడుతూనే ఉన్నారు, వీధి వైపు తిరిగి నిలబడి.

జీవితంలో నేను ముడి వేశాను, విప్పాను, ఎప్పుడూ కోయలేదు. బిస్మిల్లా అనుకుని మొదలుపెట్టాను. పడుగు పోగులు ఒక్కొక్కటే తెగుతుంటే చిన్నగా చప్పుడయింది. మా ఆయన రెండు వైపులా లాగి పట్టుకున్నారు. అక్కచెల్లెళ్ళు స్టూళ్ళ మీద కూర్చుని ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఉన్నారు. సగానికి వచ్చేసరికి నా కళ్ళు మసకబారి ఆగాల్సి వచ్చింది. చెల్లెలు లేచి వచ్చి తల మీది షేలా కొంగుతో నా కళ్ళు తుడిచి, యల్లా, కానియ్ అంది.

అయిపోయాక హాజీ సాబ్ లోపలికి వచ్చి, తిన్నగా వచ్చిందా అని అడిగారు. వంగి అటు నుంచి ఇటు దాకా వేలితో తడుముతూ వెళ్ళారు. వచ్చింది, అన్నారు. అంతే.

కోసిన చోట అలా వదిలేస్తే ముడులు ఊడిపోతాయి. రెండు ముక్కలకీ కొన్ని వరసలు విప్పి, పోగులు బయటికి తీసి, గట్టిగా కుట్టు వెయ్యాలి. ఆ పని నన్ను ముట్టుకోనివ్వలేదు. కోత నీది, కుట్టు నాది అన్నారు. కళ్ళద్దాల మీద భూతద్దం పెట్టుకుని, ఓపిక ఉన్నంతసేపు రోజూ కాస్త కాస్త కుట్టుకుంటూ రంజాను దాకా లాగారు.

ఇద్దరి ఇళ్ళకీ మేమే తీసుకెళ్ళి పరిచాం. కోసిన వైపు గోడకి ఆనించి వేశాం. అలా వేస్తే నీలం మడుగు గోడ కిందనుంచి వచ్చి గదిలోకి పారినట్టుంది. షార్జా ఇంట్లో పెద్దావిడ మనవరాలు, ఆరేళ్ళు ఉంటాయేమో, గోడకి చెవి ఆనించి విని, మిగతాది పక్కింటివాళ్ళకి ఇచ్చేశామా అని అడిగింది. కాదు, చిన్న జిద్దా, అంటే చిన్న నానమ్మ ఇంట్లో ఉంది, శుక్రవారం వెళ్ళి చూద్దామంది పెద్దావిడ. ఇలా శుక్రవారాలు వెళ్ళడం వాళ్ళకి నిజంగానే అలవాటయింది. ఒక వారం ఇక్కడ భోజనం, ఒక వారం అక్కడ. అంతకుముందు పండగలకే కలిసేవారట.

ఈ సంగతి ఆ నోటా ఈ నోటా పాకి, మా షాపుకి పెద్ద తివాచీలు కోయించుకోవడానికి జనం రావడం మొదలుపెట్టారు. హాజీ సాబ్ ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, చాయ్ ఇచ్చి, ఎందుకని అడిగేవారు. కొత్త సోఫాకి సరిపోవడం లేదంటే, సోఫా కోయించుకోమని పంపేసేవారు. వ్యాపారం ఇలా చేస్తారా అని నేను విసుక్కున్నాను కూడా. మూలలు, అంచులు బాగుచేయించుకునేవాళ్ళు మాత్రం అలా వచ్చినవాళ్ళలోంచే పెరిగారు. షాపు అద్దెకి లోటు లేకుండా పోయింది. నాకు తోడుగా ఇంకొక అమ్మాయిని కూడా పెట్టుకున్నాం.

తర్వాత ఒక ఏడాది ఊరంతా ముంచేసిన పెద్ద వాన వచ్చింది. రోడ్లు చెరువులయ్యాయి, మా ఆయన వ్యాను రెండు రోజులు ఎక్కడిదక్కడే ఆగిపోయింది. మిర్దిఫ్ ఇంట్లోకి మోకాలి ఎత్తున నీళ్ళు వచ్చాయని చెల్లెలు ఫోన్ చేసింది. మనిషి క్షేమమే, తివాచీ మాత్రం నానిపోయింది. దారి తెరుచుకోగానే మా ఆయన దాన్ని షాపు డాబా మీదకి చేర్చారు. నీళ్ళు తాగి అది ఎంత బరువెక్కిందంటే ఎత్తడానికి వీధిలో వెళ్ళేవాళ్ళని కూడా పిలవాల్సి వచ్చింది.

అక్కచెల్లెళ్ళిద్దరూ వచ్చేశారు. మంచి నీళ్ళు పోసి బురద పోయేదాకా కాళ్ళతో తొక్కాలి. నేను మొదలుపెట్టగానే చెల్లెలు చెప్పులు విడిచి, అబాయా పైకి దోపుకుని దిగింది. అక్క కూడా వచ్చింది. కాలు జారి నా భుజం పట్టుకుంది, పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. చెల్లెలికీ నవ్వు అంటుకుంది. ఈ వయసులో నడుము విరుగుతుంది దిగండి అని హాజీ సాబ్ కేకలేస్తున్నారు, ఎవరూ వినలేదు.

ఆయన భయం మాత్రం వేరే. రోజుల తరబడి నానితే ఎరుపు దిగి పక్కనున్న తెల్లపూలకి అంటుకుంటుందని ఉదయం నుంచి ఆయనకి అదే దిగులు. నీళ్ళు తేటగా వచ్చాక ఒక తెల్ల గుడ్డ తీసుకుని ఎరుపు మీద పెట్టి అరచేతితో గట్టిగా అదిమారు. మేమందరం తొక్కడం ఆపి చూశాం. ఆయన గుడ్డ తీసి ఎండకి పట్టుకున్నారు, ఇటు తిప్పారు, అటు తిప్పారు. తర్వాత మా ఒక్కొక్కరి ముందుకీ తెచ్చి చూపించారు. గుడ్డ తెల్లగానే ఉంది. కెర్మాన్ ఆడవాళ్ళ చేతులు చల్లగా ఉండాలి అన్నారు.

కిందకి దిగి అందరికీ చాయ్ పెట్టాను.