నంద్యాల బస్సెక్కిన హాకీ కట్టె

అహోబిలం నరసింహస్వామి సాక్షిగా చెప్తాండా, ఈ కింద రాసిన ప్రతి అక్షరం నిజం. నా నోటి సంగతి తెలిసినవాళ్లు నవ్వుతారు. నవ్వనీ. తడిగుడ్డలతో గుడిముందు నిలబడి ప్రమాణం చేయమన్నా చేస్తా.

డెబ్బైల చివర్లో మా ఆళ్లగడ్డ హాకీ జట్టు ముసలిదైపోయింది. పదకొండు మందిలో ఏడుగురికి నలభై దాటినాయి. ముందు వరసలో ఆడే ఆయన బంతి వెంట పడితే మధ్యలో రెండుసార్లు నిలబడి దమ్ము తీసుకునేవాడు. కుర్రోళ్లను తెచ్చి జట్టును కొత్తగా కట్టాలని మూడేళ్లుగా అనుకుంటున్నాం. ఆడేది వాళ్లు, అనుకునేది బస్టాండు పక్క టీ అంగట్లో కూర్చునే మేము.

నంద్యాల పోటీలకు ముందు ఊళ్ల మధ్య ఆటగాళ్ల మార్పిడి జరిగేది. దానికో పద్ధతి. ఒక మనిషిని ఇవ్వదలిస్తే ఆయన కట్టెను తువ్వాల్లో చుట్టి, చీటీ పెట్టి, బస్సు కండక్టరు చేతికిస్తారు. అవతలివాళ్లకు సమ్మతమైతే తిరుగు బస్సులో తమవాడి కట్టెను పంపుతారు. కట్టె వచ్చిందంటే మనిషి వచ్చినట్టే. ఆ తర్వాత మాట మార్చిన ఊరితో ఎవరూ ఆడరు. శనివారం సాయంత్రం ఐదుకు నంద్యాలలో పేర్ల పట్టీ మూసేస్తారు.

శుక్రవారం పొద్దున మాట మా గోలీ మీదికి మళ్లింది. ఆయన టైలరు, నాకు వరసకు అన్న. ఇరవై ఏళ్లు మా గోలు కాసినవాడు.

"అన్నను నంద్యాలకిచ్చి ఒక కుర్రోన్ని తెచ్చుకుందాం," అన్నాడు ఎరువుల అంగడాయన.

"అన్ననిచ్చేదేందప్పా! నీ బామ్మర్దినియ్యి. గ్రౌండు మధ్యలో నిలబడి బీడీ తాగుతాండాడు," అన్నాడు టీ అంగడాయన.

"వాన్నెవరు తీసుకుంటారు? కట్టె ఉంచుకుని మనిషిని వెనక్కి పంపుతారు."

అందరూ నవ్వినారు. నేను నవ్వలేకపోయినా. వారం కిందట చొక్కా కొలతలకు పోయినప్పుడు అన్న సూదిలో దారం ఎక్కించలేక, మూడుసార్లు చూసి, లోపలినుంచి వదినను పిలిచినాడు. నేను గమనించినానని ఆయనకు అర్థమైంది. "బయట చెప్పినావంటే నాకు గుడ్డ ఇచ్చేవాడు ఉండడు. ఒట్టెయ్," అన్నాడు. వేసినా. కానీ ఆ కళ్లతో ఏ ఊరి గోల్లో నిలబడినా గండమే. అప్పట్లో గోలీకి కాళ్లకు ప్యాడ్లే, మొహానికి ఏమీ ఉండేది కాదు. బంతేమో రాయి లెక్క.

ఒట్టు తప్పకుండా ఆయనను ఆట మానిపించాల. అందుకే నోటికొచ్చింది చెప్పినా.

"నంద్యాలలో ఒక పిల్లోడున్నాడు. మొన్న వాడు కొట్టిన బంతి గోలు పలక చీల్చుకుని, వెనకున్న వడ్ల బస్తాలో దూరింది. విప్పి చూస్తే అన్నీ బియ్యమే!"

సాయంత్రానికి ఈ కథ అన్న చెవిన పడుతుంది, భయపడి మానుకుంటాడు అనుకున్నా. ఎరువుల అంగడాయన గ్లాసు కిందపెట్టినాడు.

"వాడే కావాల. బేగా అన్న కట్టె తీసుకురాపోండి."

"నేను పోతే జట్టు బాగుపడుతుందంటే పోతా," అని అన్నే తన కట్టెకు తువ్వాలు చుట్టిచ్చినాడు. పేరు తెలీక చీటీలో 'గట్టిగా కొట్టే కుర్రోడు కావాల' అని రాసినారు. మొదటి ఆట ఆళ్లగడ్డకూ నంద్యాలకూనే అని అప్పుడు గుర్తొచ్చింది నాకు.

శనివారం మధ్యాహ్నం బస్టాండులో తిరుగు బస్సు కోసం కాచుకున్నాం. ఎర్రమట్టి గాలి లేచింది. కుక్కలు కూడా బస్సుల కింద దూరినాయి. బస్సు చెడిపోవాలని మొక్కుకున్నా. ఆగలేక నోరు విప్పినా.

"అది అబద్ధమప్పా. ఆ పిల్లోన్ని నేను చూడనే లేదు."

"ఇప్పుడు చెప్తాండేదే అబద్ధం. నంద్యాలోళ్లు నీకు టీ తాపించినారా ఏందీ?" అన్నాడు ఎరువుల అంగడాయన.

బస్సు వచ్చింది. కండక్టరు ఎర్ర తువ్వాల్లో చుట్టిన కట్టె కిందికందించినాడు. మా కెప్టెను పేర్ల పట్టీ తీసుకుని ఐదులోపల ఇయ్యాలని అదే బస్సెక్కి నంద్యాలకు పోయినాడు.

రాత్రి బస్సుకు వచ్చిన పిల్లోడు సన్నగా, మీసాలు రానివాడు. దిగింది మొదలు అందరూ వానికి బస్తా కథ చెప్పినారు. మొదట "నేనేనా?" అన్నాడు. మరుసటి పొద్దుటికి వాడే నాకా కథ చెప్పినాడు, బస్తాలు రెండని. చెప్తాంటే వాని కళ్లు వెలిగినాయి.

ఆట ఆ ఆదివారం సాయంత్రమే పెట్టినారు. రెండో సగంలో, నంద్యాల తరఫున అన్న కాసే గోలు పడమటి ఎండకు ఎదురుగా వచ్చింది. పిల్లోడు కట్టె భుజం దాకా ఎత్తి, అందరూ చెప్పినట్టే కొట్టినాడు. అన్న చెయ్యి చాపినాడు, బంతి లేని పక్కకు. చప్పుడు మాకందరికీ వినిపించింది. అన్న మెల్లగా కూర్చుని, ఎడమ కన్ను మూసుకుని, "ఏ పక్కనుంచి వచ్చిందప్పా?" అన్నాడు.

ఆ కన్ను పోయింది. రెండోదానితో మిషను నడపలేకపోయినాడు. ఆసుపత్రిలో నా చెయ్యి పట్టుకుని, "నీ తప్పేముంది, ఆటన్నాక తగుల్తుంది," అన్నాడు.

ఇదొక్కటే నేను కల్పించింది. అన్న ఆ మాట అనలేదు. నేను మంచం దాకా పోనే లేదు. ఆసుపత్రి గది వాకిట్లో నన్ను చూసి వదిన తలుపు దగ్గరికేసింది.