గండికోట ఎత్తు మీద రాలిన గేరు పళ్లు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఏదీ ఉండేది కాదు. తెలియనివన్నీ తర్వాత ఒక్కొక్కటిగా వచ్చి పరిచయం చేసుకున్నాయి. తొమ్మిదో తరగతి సగంలో బడి మానేసి (బడే నన్ను మానేసిందని మా అయ్యవారు చెబుతారు, నమ్మకండి) ప్రొద్దుటూరులో ఒక కార్ల షెడ్డులో చేరాను. పంతొమ్మిదేళ్లు వచ్చేసరికి సగం మెకానిక్కును, పూర్తి వాగుడుకాయను. షెడ్డు యజమానిని అందరం ఉస్తాద్ అనేవాళ్లం. ఆయన గుమ్మంలో నిలబడితే షట్టరు సగం దించినట్టుండేది. ఆయన మాటకు తలూపడమే మా ఉద్యోగం. నా తల మాత్రం అడ్డంగా తప్ప ఊగేది కాదు.

బంగారంగడి శెట్టికి వాళ్ల తాత నాటి గుండ్రటి ముక్కు కారు ఒకటుండేది. ముసలి ఇంజను దించి వ్యాను డీజిలు ఇంజను ఎక్కించింది మేమే. గుండె కొత్తది, ఎముకలు పాతవే అన్న ఆలోచన ఉస్తాద్‌కు రాలేదు (నాకు వచ్చిందని ఊరంతా చెప్పుకున్నాను, రాలేదు). కొత్త అల్లుడి హుషారులో శెట్టి అత్తగారిని గండికోటకు బయలుదేరదీశాడు. జమ్మలమడుగు దాటి ఎత్తు ఎక్కుతుండగా గేరుబాక్సులో పళ్లు రాలిపోయాయి. ఒంటినిండా నగలతో ఆవిడ కారును తోస్తున్న ఫోటో సాయంత్రానికల్లా బంగారంగళ్ల వీధిలో ప్రతి ఫోనులోనూ ఉంది.

"ఉస్తాద్, మళ్లా మా అత్త దిగి తొయ్యకూడదు. ఏమేస్తావో ఏయ్" అన్నాడు శెట్టి.

"దీనిదే కొత్త బాక్సు తెప్పిస్తా. ఇంకేం గాదు" అన్నాడు ఉస్తాద్.

నా నోరు ఊరుకోలేదు. "ఇంజను బలం పెరిగినాక అదే బాక్సు ఏస్తే మళ్లా రాల్తాది ఉస్తాద్. వేముల పాత ఇనుపంగట్లో గనుల జీపు బాక్సులు ఉండాయి. రాళ్లు మోసినవి."

"ఏంరా, పెండ్లికొడుకు మాదిరి కారుకు గనిలో బాక్సా? అది ఇరిగితే?"

"ఇరిగితే షెడ్డు ఇడిసిపెట్టి మా నాయనెంట గొర్లకు పోతా."

"అరె! అందరూ ఇన్నారు కదా?" అన్నాడు ఉస్తాద్, పండగ వచ్చినంత సంబరంగా. అందరూ విన్నారు. నేనూ విన్నాను, కాస్త ఆలస్యంగా.

వేములలో నాలుగు బాక్సులు మట్టిలో పడి ఉన్నాయి. మా నాయన పొట్టేలును కొనేముందు వీపు అదిమి చూస్తాడు. నాకు ఒంటబట్టిన చదువు అదొక్కటే. ఒక్కొక్క బాక్సు షాఫ్టూ పట్టి ఊపాను. మూడు లొడలొడమన్నాయి, నాలుగోది కదల్లేదు. దాని నూనె వేళ్ల మధ్య రుద్దితే ఇనుప రజను తగల్లేదు. దాన్నే తెచ్చాను. తెచ్చాక తెలిసింది, దాని మూతి మా ఇంజను మూతికి కలవదని. మధ్యలో మందపాటి ఇనుప పలక కోయించాం, షాఫ్టు పొట్టి చేయించాం, పెద్ద క్లచ్చు ప్లేటు వేశాం. గేరు రాడ్డు మాత్రం ఎక్కడో తేలింది. మూడో గేరు వేయాలంటే పక్క సీటులో అత్తగారు కొంచెం జరగాలి.

శెట్టికి ధైర్యం చాల్లేదు. "ముందు ఇంకేడన్నా సూపించు" అన్నాడు. పులివెందుల పక్కన మా మేనమామ బండలాగుడు పోటీలకు ఎద్దులను సాకుతాడు. "ఎద్దులు లాగే బండను లాగిస్తా" అనేశాను. (పెద్ద ఎద్దులది కాదు, పసి కోడెలది. ఈ వివరం ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.)

ఆదివారం పొద్దున శెట్టి, ఉస్తాద్ చూస్తుండగా మామ చేలో కారును బండకు గొలుసుతో తగిలించాం. "ఏమల్లుడా, దీనికి మేత పెట్టినావా?" అన్నాడు మామ. మొదటి గేరు వేసి క్లచ్చు వదిలాను. వెనక చక్రాలు గిర్రున తిరిగి దుమ్ము లేచింది. బండ మాత్రం కదల్లేదు.

ఉస్తాద్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "గొర్లకు కట్టె కోసుకో పో రా!"

నేను కారు కిందికి దూరి చూశాను. "బాక్సు బాగుండాది ఉస్తాద్! చక్రాలకే పట్టు ల్యా. ఎనక బరువుండల్ల."

మామ చుట్టూ చూశాడు. ఆయన చూపు ఉస్తాద్ మీద ఆగింది. "ఏమప్పా ఉస్తాదూ, డిక్కీలో కూర్చో."

"నేనా? నేను వాని పక్క కాదు!"

"కూర్చో ఉస్తాద్, నాకు నిజం తెలియల్ల" అని శెట్టి తనూ ఎక్కాడు, మామా ఎక్కాడు. ఉస్తాద్ కూర్చోగానే కారు వెనక భాగం నేలకు దణ్ణం పెట్టింది. మళ్లీ క్లచ్చు వదిలాను. చక్రాలు నేలను కరిచాయి, గొలుసు బిగిసింది, బండ ఒక్క మూలుగు మూలిగి కదిలింది! పది అడుగులు, ఇరవై, చేను ఈ గట్టు నుంచి ఆ గట్టుకు! బాక్సులో చప్పుడు మారలేదు. డిక్కీలోంచి ఎవరో ఎద్దులను అదిలించినట్టు కేకలు: "హేయ్! హేయ్! పోనీరా, పోనీ!" తిరిగి చూస్తే ఉస్తాద్.

దిగాక ఆయన చాలాసేపు తువ్వాలు దులుపుకున్నాడు. "మనం ఇంజను మార్చినప్పుడే ఈ బాక్సు ఏసుండల్ల" అన్నాడు. ఆయన మాటల్లో ఆ 'మనం' లోకి నేను రావడం అదే మొదటిసారి. ఆ వారమే శెట్టి అత్తగారు కోట వాకిలి దాకా కూర్చునే వెళ్లింది, మూడో గేరుకు జరుగుతూ.

ఇప్పుడు నాకూ షెడ్డుంది. కొలతలు తీసి, నలుగురిని అడిగి, రెండు రాత్రులు ఆలోచించి గానీ బాక్సు వేయను. ఒక్కటీ విరగలేదు, ఒక్కదానికీ ఎవరూ హేయ్ హేయ్ అని కేకలు వేసిందీ లేదు. ఆ పంతొమ్మిదేళ్లవాడు ఇవాళ నా దగ్గర పనికి చేరితే, ఆ నోటికి రెండో రోజే తరిమేస్తాను. మూడో రోజు పొద్దున్నే వాణ్ణి వెతుక్కుంటూ పోతాను.